నలుగురు కలిసి బోర్డర్‌ల్యాండ్స్ 2 ఆడటం ఎలా? దొరికిన తుపాకులు పంచుకోవడం ఎలా?

కాల్చడం ఎవరికైనా వస్తుంది. రెండు శనివారాలు కూర్చుంటే గురి అదే కుదురుతుంది. నలుగురు కలిసి బోర్డర్‌ల్యాండ్స్ 2 మొదలుపెట్టి సగంలో వదిలేశారంటే గురి కుదరక కాదు, దొరికిన తుపాకి ఎవరిదన్న దగ్గర తెగక. తిరుపతిలో నాకు తెలిసిన మూడు జట్లు ఇట్లాగే విడిపోయాయి. కొర్లగుంటలో మా మిద్దె మీది గదిలో మా జట్టు ఈ ఆటను మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు పూర్తి చేసింది. మేం పాటించే పద్ధతి ఇది.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. గేర్‌బాక్స్ సంస్థ చేసిన ఈ కంప్యూటర్ ఆట 2012 సెప్టెంబరులో వచ్చింది. పండోరా అనే గ్రహం మీద నిధి కోసం వేట. తెర మీద మన చేతులు, తుపాకి మాత్రమే కనిపిస్తాయి, మనమే నడుస్తున్నట్టు ఉంటుంది. శత్రువు చచ్చినా, పెట్టె తెరిచినా తుపాకులు, షీల్డులు, గ్రెనేడ్లు రాలతాయి. లెవెల్ పెరిగేకొద్దీ మనిషికి కొత్త విద్యలు వస్తాయి. డబ్బు, ఎరిడియం (డబ్బులాగే ఖర్చు పెట్టే ఖనిజం) ఒకరు తీసినా నలుగురి ఖాతాలోనూ పడతాయి. తుపాకి అట్లా కాదు. నేల మీద పడింది నలుగురికీ కనిపిస్తుంది, ఎవరు ముందు తీస్తే వాళ్లదే. ఆట అక్కడ ఏ న్యాయమూ చెప్పదు, మనమే చెప్పుకోవాలి. ఇంకొక మాట, ఇది పెద్దవాళ్ల ఆట. రక్తం, బూతులు బాగానే ఉంటాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి.

కావలసినవి

నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు మౌసులు, ఒక రౌటర్. పాత ఆట కాబట్టి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఆట నలుగురూ ఎవరికి వాళ్లు కొనుక్కోవాలి, ఆన్‌లైన్‌లో తరచూ బాగా తగ్గించి అమ్ముతుంటారు. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకు తగిలించండి, మే నెలలో కరెంటును నమ్మలేం. టచ్‌ప్యాడ్‌తో ఆడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అందరూ ఒకే గదిలో ఉండాలి. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆడొచ్చు కదా అంటారు గానీ, ఎదుటివాడి ముఖం చూడకుండా పంపకం చేయలేం.

ఒకరు ఆట తెరిచి నెట్‌వర్క్ సెట్టింగులో లాన్ (ఒకే రౌటర్ మీద ఉన్నవాళ్ల మధ్య ఆట) పెట్టుకోవాలి, మిగతా ముగ్గురూ అందులో చేరాలి. కథ ఆ తెరిచినవాడి లెక్కలో నడుస్తుంది కాబట్టి ప్రతి వారం అతనే తెరవాలి. మా జట్టులో అది నేను, ఎందుకంటే గది నాది.

ఎవరు ఏ పాత్ర

గంగమ్మ జాతరలో బైరాగి వేషం రోజు ఎవర్ని చూసినా బైరాగే. అక్కడ అది అందం. ఇక్కడ మాత్రం నలుగురూ ఒకే వేషం వేస్తే ఆట పాడవుతుంది. ఆక్స్‌టన్, మాయ, సాల్వడార్, జీరో అని నలుగురున్నారు, తలా ఒకరిని తీసుకోండి. ఆక్స్‌టన్ తనంతట తానే కాల్చే టరెట్‌ని నేల మీద పెడతాడు. మాయ శత్రువును గాల్లోకి ఎత్తి కట్టేస్తుంది. సాల్వడార్ రెండు చేతులా రెండు తుపాకులు పడతాడు. జీరో తన నకిలీ బొమ్మను నిలబెట్టి మాయమైపోతాడు. గేజ్, క్రీగ్ అని విడిగా కొనుక్కునే ఇద్దరున్నారు, మొదటిసారికి వాళ్లు వద్దు. మాయను జట్టులో ఓపిక ఎక్కువున్నవాళ్లకి ఇవ్వండి. ఆమె విద్యల్లో ఒకటి, కింద పడిన మిత్రుడిని దూరం నుంచే లేపుతుంది. దాని విలువ మొదటిరోజు తెలియదు, పదో రోజు తెలుస్తుంది.

జట్టు పాత్రతో ఒంటరిగా ఆడకూడదు, ఇది గట్టి నియమం. వారం మధ్యలో ఒకడు రాత్రిళ్లు కూర్చుని ఆరు లెవెళ్లు ఎక్కి వచ్చాడంటే ఆ శనివారం పోయినట్టే. వాడు ఒక్క గుండుతో చంపేస్తుంటే మిగతావాళ్లు వెనకాల నడుస్తుంటారు. పైగా ప్రతి తుపాకికీ ఇంత లెవెల్ ఉంటేనే వాడాలన్న షరతు ఉంటుంది. లెవెళ్లు ఎడమైపోతే ఒకరి తుపాకి ఇంకొకరికి పనికిరాదు, ఇక పంచుకోవడానికి ఏమీ మిగలదు. ఒంటరిగా ఆడాలనిపిస్తే వేరే పాత్ర పెట్టుకోండి.

పోరాటం

దీని గురించి ఎక్కువ చెప్పను. నిప్పు తుపాకి మాంసానికి, కరెంటు తుపాకి షీల్డుకి, ఆమ్లం తుపాకి ఇనుప కవచానికి. స్లాగ్ తుపాకితో కాల్చి స్లాగ్ అనే ఊదారంగు ద్రవం పూశాక వేరే తుపాకితో కాలిస్తే దెబ్బ రెట్టింపు. నలుగురూ నాలుగు రకాలు పట్టుకోండి. ప్రాణం సున్నాకి వచ్చినా వెంటనే చావరు. మోకాళ్ల మీద పడి కాసేపు కాల్చగలరు. ఆ లోపల ఒక శత్రువును చంపినా, మిత్రుడు వచ్చి లేపినా మళ్లీ నిలబడతారు. మనిషి పడితే మిగతా పని ఆపి ముందు లేపండి.

పంపకం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

గది ఖాళీ అయ్యేదాకా నేల మీది సామాను ఎవరూ ముట్టుకోకూడదు. శత్రువు ఒక్కడు మిగిలినా సరే. నారింజ రంగు వెలుగు నేల నుంచి పైకి లేచిందంటే అది లెజెండరీ తుపాకి (దాని తర్వాత ఊదా, నీలం, ఆకుపచ్చ, తెలుపు), ఎవరి చెయ్యైనా లాగుతుంది. అప్పుడే కీబోర్డు మీద వేళ్లు అదుపులో ఉండాలి. E అక్షరం కీని ఒకసారి తడితే సామాను సంచిలోకి పోతుంది, నొక్కి పట్టుకుంటే నేరుగా చేతిలోకి వస్తుంది. తూటాలు తీసుకుంటున్నా అన్న నెపంతో ఆ వెలుగు పక్కన తచ్చాడేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. తూటాలు కూడా తర్వాతే అని ముందే చెప్పండి.

అంతా చచ్చాక నలుగురూ ఆ సామాను చుట్టూ నిలబడాలి. ఒకరు ఒక్కొక్క తుపాకి మీదా చూపు పెట్టి, కార్డులో రాసింది పైకి చదవాలి. లెవెల్, దెబ్బ, గురి, వేగం, మళ్లీ గుళ్లు నింపే సమయం, ఎన్ని గుళ్లు పడతాయి, అన్నీ. పేరు చూసి ఊరుకోకూడదు. ఈ ఆటలో తుపాకిని ముక్కలు ముక్కలుగా కూర్చి పుట్టిస్తారు. గొట్టం ఒకటి, పిడి ఒకటి, వెనక కట్టె ఒకటి. అందుకే ఒకే పేరున్న రెండు తుపాకులు పక్కపక్కన పెట్టినా ఒకటి కావు. దామలచెరువు మండీలో మామిడికాయలు ఏరేవాళ్లని చూడండి. బుట్ట మీద చీటీ చూసి ధర చెప్పరు, కాయ చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తారు. తుపాకినీ అట్లాగే చూడాలి. రంగు నీలమే అయినా లెవెల్ ఎక్కువున్న తుపాకి చాలాసార్లు పాత ఊదారంగు తుపాకి కన్నా గట్టిగా కొడుతుంది.

చదవడం అయ్యాక ముందుగా క్లాస్ మాడ్‌లు (పాత్ర విద్యలకు బలం పెంచే సామాను) తీసి పక్కన పెట్టండి. ఒక్కో మాడ్ ఒక్కో పాత్రకే పడుతుంది, మాయది మాయకే, జీరోది జీరోకే. దీనికి వాదన అక్కర్లేదు. ఆ తర్వాత మిగిలిన వాటిలో వంతు.

వంతు అంటే ఇదీ. మొదటి రోజు నాలుగు పేర్లు చీట్లు వేసి వరుస తీయండి. ఆ వరుస ఒక కాగితం మీద రాసి అందరికీ కనపడేలా పెట్టండి. మాది రౌటర్ కింద ఉంటుంది. నారింజ తుపాకి పడ్డప్పుడల్లా వరుసలో ముందున్నవాడిని అడగాలి. తీసుకుంటే అతని పేరు చివరికి పోతుంది. వద్దంటే పేరు అక్కడే ఉంటుంది, అడగడం తర్వాతివాడి దగ్గరికి పోతుంది. ఊదారంగు వాటికి ఇంకొక వరుస. నీలం, ఆకుపచ్చ, తెలుపు వాటికి వరుస అక్కర్లేదు, కావాలన్నవాడికి ఇచ్చేయండి.

తీసుకున్నవాడు ఒక పని తప్పక చేయాలి. కొత్త తుపాకి చేతికొచ్చాక తన పాత తుపాకిని అక్కడే నేల మీద పడేయాలి. దాన్ని ఊదారంగు వరుసలో తర్వాతివాడు తీసుకుంటాడు, అతను తన పాతది పడేస్తాడు. ఒక్క నారింజ తుపాకి పడితే నలుగురి చేతుల్లోనూ మెరుగైనది వస్తుంది. మా జట్టు ఇన్నాళ్లు నిలిచింది ఈ ఒక్క నియమం వల్లే. మూలన కూర్చున్నవాడికి కూడా ఆ రోజు ఏదో ఒకటి అందుతుంది.

చాలామంది వంతు వద్దు, అవసరమైనవాడికి ఇద్దామంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అవసరం లేదని ఎవరైనా ఎందుకంటారు? గట్టిగా మాట్లాడేవాడి అవసరమే ఎప్పుడూ పెద్దదిగా కనిపిస్తుంది. రేణిగుంట నుంచి వచ్చే మా తమ్ముడు ఒకడు మితభాషి. మొదటి నెల మేం అవసరం పద్ధతిలో ఆడాం. నెలాఖరున చూస్తే మా ముగ్గురి సంచుల్లోనూ నారింజ ఉంది, వాడింకా ఆకుపచ్చ షాట్‌గన్‌తోనే తిరుగుతున్నాడు. వాడేమీ అనలేదు. తర్వాతి శనివారం పనుందన్నాడు, ఆ తర్వాతి శనివారం కూడా. నేనే బండి మీద వాళ్లింటికి పోయి తీసుకొచ్చాను. ఆ రోజే కాగితం మీద పేర్లు రాశాం.

ఇంకొందరు ఇద్దరి మధ్య డ్యూయల్ పెట్టుకుని గెలిచినవాడు తీసుకోవాలంటారు. మిత్రుడిని చేత్తో ఒక దెబ్బ కొడితే సవాలు మొదలవుతుంది, ఆటలోనే ఆ ఏర్పాటు ఉంది. వద్దు. డ్యూయల్ గెలిచేది ఇప్పటికే మంచి తుపాకి ఉన్నవాడు. ఉన్నవాడికే మళ్లీ ఇవ్వడాన్ని పంపకం అనరు.

ఇక అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. పంపకం పూర్తయ్యేదాకా ప్రయాణం నొక్కకూడదు. ఈ ఆటలో నలుగురూ ఒకే చోట ఉండాలి, ఒకరు వేరే చోటికి పోతే నలుగురూ పోతారు. నేల మీద వదిలేసిన సామాను మళ్లీ కనపడదు. సదరన్ షెల్ఫ్ అనే చోట కెప్టెన్ ఫ్లింట్ అనే దొంగల నాయకుడిని చంపినప్పుడు మాకు థండర్‌బాల్ ఫిస్ట్స్ అనే నారింజ పిస్తోలు పడింది. అందరం లేచి నిలబడి అరిచాం. నేను కార్డు చదవడం మొదలుపెట్టాను. “లెవెల్ చెప్పన్నా, లెవెల్” అని ఒకడు అడుగుతున్నాడు. చిత్తూరు నుంచి వచ్చిన మిత్రుడు అప్పటికే లిఫ్టు ఎక్కి, క్లాప్‌ట్రాప్ అనే రోబో పడవ దగ్గరికి పోయి, ఇదేంటో చూద్దామని నొక్కాడు. తెర నల్లబడింది. మళ్లీ వెలిగేసరికి త్రీ హార్న్స్ అనే ఇంకో చోట మంచులో నిలబడి ఉన్నాం, పిస్తోలు అక్కడే ఉండిపోయింది. వాడు నిజంగా తెలియకే చేశాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ ఆ రాత్రి ఇంకెవరికీ ఆడబుద్ధి కాలేదు. ఫ్లింట్ మళ్లీ పుడతాడు. ఆట మూసి తెరిచి మళ్లీ మళ్లీ చంపాం. ఆ పిస్తోలు రెండోసారి పడటానికి మూడు శనివారాలు పట్టింది. అప్పటి నుంచి “సామాను అయిందా?” అని ఒకరు పైకి అడగాలి, మిగతా ముగ్గురూ “అయింది” అనాలి, అప్పుడే ప్రయాణం. ముగ్గురిలో ఒకరు పలకకపోయినా ఆగాలి. ఆట మూసేటప్పుడూ ఇదే.

మూడో భాగం సంగతి

2019లో వచ్చిన బోర్డర్‌ల్యాండ్స్ 3లో ఈ తంటా లేకుండా ఒక ఏర్పాటు చేశారు. ఎవరి సామాను వాళ్లకే కనిపిస్తుంది, ఇంకొకరిది ముట్టుకోలేరు. కావాలంటే పాత పద్ధతి కూడా ఎంచుకోవచ్చు. కొత్త జట్లన్నీ మొదటిదే పెట్టుకుంటున్నాయి. నేను మాత్రం ఒప్పుకోను. ఎవరిది వాళ్లు ఏరుకుంటుంటే పక్కవాడికి ఏం పడిందో కూడా తెలియదు. నలుగురూ ఒక్క వెలుగు చుట్టూ చేరి కార్డు చదువుకోవడం ఉండదు, తన పాతది ఇంకొకరికి పడేయడం ఉండదు. ఒకే గదిలో నాలుగు ఒంటరి ఆటలు నడుస్తుంటాయి. కలిసి ఆడటం నేర్చుకోవాలంటే రెండో భాగంతోనే మొదలుపెట్టాలి. మూడో భాగం ఆడినా పాత పద్ధతే పెట్టుకోవాలి.

సంచి, అమ్మకం

సంచిలో మొదట 12 వస్తువులే పడతాయి. శాంక్చురీ అనే ఊళ్లో క్రేజీ ఎర్ల్ అనే అంగడివాడి దగ్గర ఎరిడియం ఇచ్చి పెంచుకోవచ్చు. ఎరిడియం మొదట సంచికే ఖర్చు పెట్టండి, తూటాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. పనికిరానిదాన్ని చెత్త అని గుర్తు పెట్టుకుంటే అమ్మే యంత్రం దగ్గర ఒకేసారి అమ్మేయవచ్చు. పొరపాటున అమ్మినది అదే యంత్రంలో వెంటనే తిరిగి కొనుక్కోవచ్చు. అయితే వంతులో వచ్చిన నారింజ తుపాకిని జట్టుని అడగకుండా అమ్మకూడదు. ఇక వాడనంటే నేల మీద పెట్టాలి, వరుసలో ముందున్నవాడిని అడగాలి.

రాత్రి పదకొండుకి ఆపండి, చంద్రగిరి నుంచి వచ్చేవాడు ఇంటికి పోవాలి. ఆపేముందు ఆ రోజు వరుస ఎక్కడికొచ్చిందో కాగితం మీద దిద్ది, ఎవరి సంచిలో ఏ నారింజ ఉందో పేరు పక్కన రాయండి. కాగితాన్ని ఒకరు ఫోటో తీసి మిగతావాళ్లకి పంపాలి. మా దగ్గర ఆ పని రేణిగుంట తమ్ముడిది.