బోరు కింది ప్యాకింగ్ తీసే ముందు సాల్డర్ తీగ పెట్టి చూడండి

పోయిన ఆదివారం ప్రాక్టీసులో ఒక కుర్రాడి టూ స్ట్రోక్ బండి, యమహా ఆర్‌ఎక్స్ 100, మూడో గేర్‌లో ఉండగా ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. కాలర్ ఎముక విరిగింది. సాయంత్రం ఇంజిన్ విప్పి చూస్తే పిస్టన్ తల అంచు ఎలుక కొరికినట్టు ఉంది. బండి చేసినతన్ని అడిగాను. "బోరు కింద ప్యాకింగ్ తీసేసి గమ్ పూసి ఎక్కించాం అన్నా, పికప్ కోసం" అన్నాడు. బోరంటే సిలిండర్; ప్యాకింగ్ అంటే భాగాల మధ్య లీకు కాకుండా వేసే గాస్కెట్. స్క్విష్, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు, ఎంత వచ్చిందంటే మాట్లాడలేదు.

చలికాలం డర్ట్ రేసులకు బళ్లు సిద్ధం చేసుకునే రోజులివి. హెల్మెట్, బూట్ల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: కొలవకుండా ప్యాకింగ్ మందం మార్చొద్దు.

హెడ్ ప్యాకింగ్

దీన్ని పలచన చేస్తే కంప్రెషన్ పెరుగుతుంది, స్క్విష్ తగ్గుతుంది. పోర్టుల (బోరు గోడలో మిశ్రమం వచ్చే, పొగ పోయే కంతల) జోలికి పోదు. ఆర్‌ఎక్స్ 100 బోరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ. ఈ ప్యాకింగ్‌లో అర మిల్లీమీటరు తగ్గిస్తే మిశ్రమం మండే చాంబర్‌లో దాదాపు 1 సీసీ పోతుంది. చిన్న లెక్కే అనిపిస్తుంది. కానీ చాంబర్ 11 సీసీ ఉందనుకుంటే కంప్రెషన్ 9.9 నుంచి 10.8కి ఎగబాకుతుంది.

బోరు కింది ప్యాకింగ్

దీన్ని తీస్తే బోరు మొత్తం కిందికి దిగుతుంది. కంప్రెషన్, స్క్విష్‌తో పాటు పోర్టులూ మారతాయి. అర మిల్లీమీటరు దిగితే, క్రాంక్ తిరిగే లెక్కలో, ఎగ్జాస్ట్ (పొగ పోయే పోర్టు) తెరిచి ఉండే కాలం సుమారు రెండు డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్ (మిశ్రమం వచ్చే పోర్టు) సుమారు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కింద లాగుడు పెరుగుతుంది, పైన ఊపిరి అందదు. మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఆ లాగుడు బాగా పనికొస్తుంది, అందుకే కుర్రాళ్లకు అంత ఆశ. లాగుడు కావాలనుకోవడం తప్పు కాదు. బోరు ఎంత దించారో హెడ్ దగ్గర అంత మందం కలిపితే పోర్టులు మీకు కావలసినట్టే దిగుతాయి, స్క్విష్ ఉన్నచోటే ఉంటుంది. ఈ రెండో సగం ఎవరూ చేయరు.

మందం పెంచితే క్షేమం అనుకునేవాళ్లూ ఉన్నారు. అదీ కాదు. సందు మరీ పెద్దదైతే అంచున ఉన్న పెట్రోలు-గాలి మిశ్రమం మధ్యకు నెట్టబడదు. అక్కడే ఉండి, వేడెక్కి, దానంతట అదే పేలుతుంది. పిస్టన్ అంచును తినేసేది ఆ పేలుడే.

కొలత

సాల్డర్ తీగ 2 మి.మీ. లావుది తీసుకోండి. గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) వరసలో, పిస్టన్‌కి రెండు పక్కలా, బోరు గోడ తగిలేలా గ్రీజుతో అంటించండి. వేరేచోట పెడితే పిస్టన్ ఊగి తప్పుడు లెక్క వస్తుంది. హెడ్ పూర్తి టార్క్‌లో బిగించాలి, ఎందుకంటే కాగితం ప్యాకింగ్ బిగించాకే అసలు మందానికి వస్తుంది. చేత్తో క్రాంక్ తిప్పి పిస్టన్‌ని పైదాకా తెచ్చి దాటించండి. తీగ చివర నొక్కుకున్న చోట వెర్నియర్‌తో కొలవండి.

100, 125 సీసీ ఇంజిన్లకు 1 మి.మీ. దగ్గర ఉంటే నేను నిద్రపోగలను. 0.8 కంటే తక్కువైతే విప్పుతాను. ఆర్‌పీఎం ఎక్కినప్పుడు కనెక్టింగ్ రాడ్ సాగుతుంది, పిస్టన్ వ్యాకోచిస్తుంది, బేరింగ్‌లో ఆట ఉంటుంది, పైన మసి పేరుకుంటుంది. షెడ్డులో తగలని పిస్టన్ ట్రాక్‌లో తగులుతుంది. కొలవకుండా ప్యాకింగ్ మార్చొద్దు.

ఇక వరసగా చెప్తాను, వినండి.

ప్యాకింగ్ బదులు ఉత్త గమ్ వద్దు. టూ స్ట్రోక్‌లో బోరు కింద లీకైతే బయటికి ఆయిల్ కారడంతో పోదు, లోపలికి గాలి పీలుస్తుంది. మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేస్తుంది. ఆదివారం బండిలో ఒక మూల గమ్ పట్టనేలేదు.

పాత ప్యాకింగ్ మళ్లీ వేయొద్దు.

రెండు కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. కావలసిన మందం ఒకే షీట్‌లో కోయండి.

హెడ్ లేత్ పట్టించి, బోరు కింద ప్యాకింగ్ కూడా తీశారా? రెండింటి కోత కలుస్తుంది. ఆపి కొలవండి.

బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కార్బొరేటర్‌లో పాత జెట్ (పెట్రోలు వచ్చే కంత) మీద మిశ్రమం పలచబడుతుంది. తెల్లవారుజాము చలిగాలి చిక్కగా ఉండి ఇంకా పలచన చేస్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి మొదలుపెట్టండి, ప్లగ్ చూసుకుంటూ తగ్గించండి.

ప్లగ్ పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే ఇంకో ల్యాప్ వేయొద్దు. ఆ చుక్కలు మీ పిస్టన్‌వే.

కంప్రెషన్ పెంచి, ప్లగ్ నిప్పు కొట్టే టైమింగ్ కూడా అడ్వాన్స్ (ముందుకు) చేయొద్దు.

"పక్కవాడి బండిలో తీసేశారు, బాగానే పరిగెడుతోంది" అనే మాట నా దగ్గర ఎత్తొద్దు. వాడి బోరు వేరు, హెడ్ వేరు. కొలవకుండా ప్యాకింగ్ మార్చొద్దు.

పట్టేసే ముందు సౌండ్ బిగుసుకుంటుంది, లాగుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ క్షణంలోనే క్లచ్ పట్టాలి. కొత్తగా కూర్చిన ఇంజిన్ మీద ఎడమచేతి రెండు వేళ్లు లివర్ మీద నుంచి తీయొద్దు.

ఈ సీజన్‌లో నా దగ్గరికి బండి తెచ్చేవాళ్లు నొక్కుకున్న ఆ తీగ ముక్కలు రెండూ తీసుకురావాలి. అవి చూశాకే కిక్ కొడతాను.