కళాశాల బాస్కెట్‌బాల్‌లో రాబోయే ప్రత్యర్థిని అధ్యయనం చేసే విధానం
అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ప్రత్యర్థి ఆటను నేరుగా వెళ్లి పరిశీలించడాన్ని కళాశాల క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ నియమాలు సాధారణంగా అనుమతించవు కాబట్టి, మీ అధ్యయనం ప్రధానంగా వీడియోల మీదే సాగాలి. ఇటీవలి 4 లేదా 5 ఆటలను, ముఖ్యంగా మీ శైలికి దగ్గరగా ఉన్న జట్టుతో వారు ఆడినదాన్ని ఎంచుకోండి. మొత్తం పాయింట్లను చూసి మోసపోవద్దు. వేగంగా ఆడే జట్టుకు అవకాశాలే ఎక్కువ దక్కుతాయి కనుక, 100 పొసెషన్లకు (బంతి జట్టు చేతిలో ఉండే ఒక్కో విడత ఒక పొసెషన్) ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కించాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పిక్ అండ్ రోల్‌కే (బంతి ఉన్న ఆటగాడి కోసం సహచరుడు డిఫెండర్‌కు అడ్డుగా నిలిచి, అంటే స్క్రీన్ పెట్టి, ఆపై బుట్ట వైపు కదిలే ఎత్తుగడ) కేటాయించాలని నా దృఢమైన అభిప్రాయం. స్క్రీన్ పడిన తరువాత ఎడమవైపు వెళ్లక తప్పనప్పుడు, బంతి ఉన్న ఆటగాడు డ్రిబుల్ ఆపేస్తున్నాడా, లేక మూలన నిలిచిన షూటర్‌కు పాస్ ఇస్తున్నాడా అన్నది వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూడండి. 30 సెకన్ల షాట్ క్లాక్‌లో (షాట్ వేయడానికి జట్టుకు ఉండే గడువు) చివరి 5 సెకన్లు మిగిలినప్పుడు బంతి ఎవరి చేతికి చేరుతుందో రాసుకోండి. ఆటగాళ్లకు ఇచ్చే నివేదిక మాత్రం ఒక్క పేజీ దాటకూడదు.