మందు మానిన మనిషి రక్తపరీక్ష కాగితం ఎలా చదవాలి

కాగితం చదివే ముందు దాని మీద పెన్నుతో ఒక సంగతి రాయండి: ఆఖరిసారి తాగింది ఏ రోజు, ఎన్ని గంటలకు? నేను 20 ఏళ్లుగా ల్యాబ్‌లో రక్తం తీస్తున్నాను. మద్యం మాన్పించడానికి తెచ్చినవారి చీటీల్లో ఆ గంట రాసి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వివరం లేకపోతే మిగిలిన అంకెలతో సగం పనే జరుగుతుంది.

దాని విలువ మా మామయ్య విషయంలో తెలిసింది. కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక ఆయన ఒక సోమవారం ఉదయం నుంచి తాగడం ఆపేశారు. మంగళవారం పరీక్షలు చేయించాం. కాలేయం అంకెలు ఎక్కువగా ఉన్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. భయం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు అక్కడ. బుధవారం రాత్రి ఆయన గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ తువాలుతో దులపడం మొదలుపెట్టారు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, ఎదురుగా ఉన్న అత్తయ్యను గుర్తుపట్టలేదు. 108 అంబులెన్స్‌లో తీసుకెళ్లి బతికించుకున్నాం. ఆ కాగితంలో తప్పు లేదు. అది చెప్పలేని సంగతిని మేం దాని నుంచి ఆశించాం.

రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమట 6 నుంచి 8 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా 48 గంటల లోపే వస్తాయి. మామయ్యకు వచ్చినటువంటి మతిభ్రమ సాధారణంగా రెండో రోజు దాటాక, నాలుగో రోజులోపు వస్తుంది. ఇది ఎవరికి వస్తుందో రక్తంతో ముందే తేల్చి చెప్పే పరీక్ష లేదు. తీవ్రతను కొలవడానికి వైద్యులు వాడే పట్టికలో పది అంశాలుంటాయి: వికారం, వణుకు, చెమట, ఆందోళన, స్థిమితం లేకపోవడం, చర్మం మీద ఏదో పాకినట్టు ఉండటం, లేని శబ్దాలు వినిపించడం, లేనివి కనిపించడం, తలనొప్పి, తాను ఎక్కడున్నాడో తెలియకపోవడం. ఒక్కదానికీ రక్తం అక్కర్లేదు, పక్కన కూర్చుని చూసే మనిషి కావాలి. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు మాత్రం ఇంట్లో సొంతంగా మానకూడదు.

మరి రక్తం ఎందుకు తీస్తారు? ఆ నాలుగు రోజులు మనిషిని కాపాడటానికి. ముందుగా చక్కెర చూడండి. తిండి మానేసి తాగినవారిలో అది బాగా పడిపోతుంది, గందరగోళం దానివల్ల కూడా రావచ్చు. తర్వాత పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్. మెగ్నీషియం తక్కువగా ఉంటే వణుకు, ఫిట్స్ ముప్పు పెరుగుతాయి. అది సరిచేయకుండా పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. చాలాచోట్ల అడిగితే తప్ప మెగ్నీషియం పరీక్ష రాయరు, కాబట్టి అడగండి. శరీరంలోని మెగ్నీషియంలో రక్తద్రవంలో ఉండేది ఒక శాతం లోపే. అందుకే అంకె మామూలుగా ఉన్నా లోపల కొరత ఉండవచ్చు.

మా పనికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. చేయి వణుకుతున్నప్పుడు రక్తం కష్టం మీద లాగితే కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, నిజమైన కొరత దాని వెనక దాగిపోతుంది. నమూనాలో కణాలు పగిలాయని కాగితం మీద రాసి ఉంటే మళ్లీ తీయించండి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయనివ్వకండి.

బి1 విటమిన్, అంటే థయమిన్, పరీక్ష కోసం ఎదురుచూడవద్దు. తడబడే నడక, కళ్లు సరిగా తిరగకపోవడం, మతిమరుపు కనిపిస్తే సూది మందు వెంటనే పడాలి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. గ్లూకోజ్ పెడుతుంటే థయమిన్ ఇచ్చారా అని అడగండి. అలాగని చక్కెర పడిపోయిన మనిషికి గ్లూకోజ్ ఆపకూడదు.

ఇళ్లలో గొడవలు తెచ్చేవి కాలేయం పరీక్ష జీజీటీ, రక్తకణాల పరీక్షలో వచ్చే ఎంసీవీ. మామయ్యకు మొదట జీజీటీ 312, ఎంసీవీ 104 వచ్చాయి. నెల తర్వాత జీజీటీ 118కి దిగింది, ఎంసీవీ 103 దగ్గరే ఉంది. అత్తయ్య కాగితం నా ముందు పెట్టి, దొంగచాటుగా తాగుతున్నారేమో అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎంసీవీ ఎర్రకణం పరిమాణం. ఒక కణం సుమారు 120 రోజులు బతుకుతుంది, పాత పెద్ద కణాలు పోవడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. నాలుగో నెలలో మామయ్యది 95కి వచ్చింది. ఇక జీజీటీ కొవ్వు పట్టిన కాలేయం వల్ల, ఫిట్స్‌కు వాడే కొన్ని మాత్రల వల్ల కూడా పెరుగుతుంది. ఆ ఒక్క అంకెతో మనిషిని నిలదీయకండి. ఇటీవలి తాగుడు నిజంగా తెలియాలంటే పెత్ అనే రక్తపరీక్ష ఉంది, రెండు నుంచి నాలుగు వారాల వెనక్కి చూపిస్తుంది. దాన్ని కూడా ఆయనకు చెప్పి, ఒప్పించి చేయించండి.

తెలంగాణలో కల్లు తాగేవారి సంగతి వేరు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లు దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు వచ్చారు. వీరిలో కాలేయం అంకెలు పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. కాగితం బాగుందని ఇంటికి పంపేస్తే ప్రమాదం. తాగేది ఏమిటో, రోజుకు ఎన్ని సీసాలో వైద్యుడికి దాచకుండా చెప్పండి. ఈ మత్తుమందులు తెలియడానికి మూత్రపరీక్ష అడగండి. డయాజిపాం శరీరంలో చాలాకాలం ఉంటుంది కాబట్టి బాధలు వారం తర్వాత కూడా మొదలు కావచ్చు.

చివరిగా, మనసు. పెళ్లయ్యాక మామయ్య మూడు వారాలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. దిగులును చూపే రక్తపరీక్ష లేదు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వంటివాటిపై పరిశోధనలు జరుగుతున్నా, వాటితో మీ ఇంటి మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చరు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ మాత్రం చూపించండి, అవి సరిదిద్దగల కారణాలు. మానిన తర్వాతి దిగులు చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలనిపిస్తోందా అని మాత్రం ఏ వారంలోనైనా సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసనం మాన్పించే కేంద్రాల వివరాలకు 14446 ఉంది.