గీజర్ వాట్లు లెక్కకు రాకపోతే ముందు చూడాల్సింది ఎలిమెంట్‌ని కాదు

సమస్య: 2000 వాట్ల గీజర్. నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. వోల్టేజీ చూస్తే 230, క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే మీటర్) కరెంటు 7.5 ఆంపియర్లు. గుణిస్తే 1725 వాట్లు, భాగిస్తే 30.7 ఓమ్స్. కానీ గీజర్ మీద రాసిన ప్రకారం 230 ఇంటూ 230 బై 2000, అంటే దాదాపు 26.5 ఓమ్స్ రావాలి. అయిదు, పది శాతం తేడా తయారీలోనే ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇది అంతకు మించిన తేడా. వెంటనే "ఎలిమెంట్ (నీళ్లను కాచే కాయిల్) పోయింది" అని తేల్చేసి కొత్తది కొనేస్తారు. దయచేసి ఆగండి.

ముందు చిన్న చిన్నవి. మీటర్ మిల్లీ ఆంపియర్లలో చూపిస్తే వెయ్యితో భాగించారా? 12 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు అంటే 6 వాట్లు. అలాగే గుణించేస్తే 6000 వస్తుంది. క్లాంప్ ఒక్క వైరు చుట్టూనే పెట్టారా? ఫేజు, న్యూట్రల్ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. నీళ్లు కాగాక కరెంటు ఆపేసే థర్మోస్టాట్ కట్ అయినా సున్నాయే.

అసలు కారణం: ఆ 230 ఎప్పుడు, ఎక్కడ కొలిచారు? చాలామంది గీజర్ ఆపి సాకెట్‌లో వోల్టేజీ చూస్తారు, తర్వాత ఆన్ చేసి కరెంటు చూస్తారు. లోడు లేనప్పుడు, అంటే గీజర్ ఆపి ఉన్నప్పుడు, లూజ్ కనెక్షన్ కూడా నిక్షేపంగా 230 చూపిస్తుంది. కరెంటు పారితేనే దాని బండారం బయటపడుతుంది. గీజర్ నడుస్తుండగా దాని టెర్మినల్స్ దగ్గరే కొలిస్తే 200 వచ్చిందనుకోండి. 200 బై 7.5 అంటే 26.7 ఓమ్స్. ఎలిమెంట్ బాగానే ఉంది! గీజర్‌కి నిజంగా అందుతున్నది 1500 వాట్లే.

మరి మిగిలిన 30 వోల్టులు? దారిలో పోతున్నాయి. 30 ఇంటూ 7.5, అంటే 225 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు తొమ్మిది కలిపితే ఎంత వేడో, అంత వేడి మీ గోడలోని వైర్లలో, ప్లగ్గులో పుడుతోంది. ప్లగ్ టాప్ పిన్ను పక్కన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, కాలిన వాసన వస్తుంటే అక్కడే ఉంది తంటా. ఎలిమెంట్ మార్చి దీన్ని వదిలేస్తే మంటలు అంటుకునే ప్రమాదం అలాగే ఉంటుంది.

పరిష్కారం: ఎం.సి.బి. (బోర్డులో ఉండే ట్రిప్ స్విచ్) ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే మీటర్ క్లిప్పులు గీజర్ టెర్మినల్స్‌కి తగిలించండి. ట్యాంకులో నీళ్లుండాలి. చేతులు దూరంగా పెట్టి ఆన్ చేసి, వోల్టేజీ, కరెంటు ఒకేసారి చూడండి. మళ్లీ ఆపి, క్లిప్పులు మార్చి, ఇదే పద్ధతిలో ఎం.సి.బి. అవుట్‌పుట్ దగ్గర లోడు మీదే కొలవండి. అక్కడ 230 ఉండి గీజర్ దగ్గర 200 ఉంటే తప్పు మధ్యలోనే: ప్లగ్ టాప్ స్క్రూలు, సాకెట్, జంక్షన్ బాక్సులో చేత్తో మెలిపెట్టిన జాయింట్. నల్లబడ్డ సాకెట్‌ని గీకి వాడొద్దు, మంచి 16 ఆంపియర్ల సాకెట్ వేయండి. ఎం.సి.బి. దగ్గరే 200 ఉంటే బోర్డు, సర్వీసు వైరు చూడాలి, లైన్‌మన్‌ని పిలవండి.

ఫ్యాను, మోటారు అయితే వోల్టేజీ ఇంటూ కరెంటు వాట్లు కావు, పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ గుణకారంలో నిజంగా వాట్లయ్యే వంతు) కూడా గుణించాలి. పాత ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన ఓమ్స్‌తో అస్సలు లెక్కలు కట్టొద్దు, వెలిగాక అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. మీటర్ బ్యాటరీ దిగిపోవడం కూడా ఉంటుంది, మార్చి చూస్తే తేలిపోతుంది.