సెంటినెల్ నోడ్ కేసుకి థియేటర్‌లో ఎలా సిద్ధపడాలి

మా గైనిక్ ఆంకాలజీ థియేటర్‌కి కొత్తగా వచ్చే సిస్టర్లకి సెంటినెల్ నోడ్ కేసు అనగానే టెన్షన్. మందు కలపడం, కెమెరా సర్దడం నాలుగు కేసులు చూస్తే వచ్చేస్తాయి. అసలు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది కుడి, ఎడమల దగ్గర.

సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు చేరేది పొత్తికడుపులో రక్తనాళాల వెంట ఉండే లింఫ్ గడ్డలకే. వాటన్నిటినీ తీసేస్తే కొందరికి కాళ్లు వాచి, ఆ వాపు ఓ పట్టాన తగ్గదు. అందుకే తొలిదశలో, ముఖ్యంగా కణితి 2 సెం.మీ. లోపు ఉన్నప్పుడు, రంగు ఎక్కించి అది మొదట చేరే గడ్డని పట్టుకుంటారు, దాన్నే సెంటినెల్ నోడ్ అంటారు. సర్విక్స్ నడుమ ఉంటుంది, దారులు రెండు వైపులకీ పోతాయి. కుడివైపు గడ్డ శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఎడమవైపు సంగతి తేలినట్టు కాదు.

ఐసీజీ (ప్రత్యేక కెమెరాలో మెరిసే ఇండోసయనిన్ గ్రీన్ రంగు) 25 మి.గ్రా. వయల్‌ని స్టెరైల్ వాటర్‌తోనే కలపండి, సెలైన్ వద్దు. మేం 20 మి.లీ.లో కలుపుతాం, అంటే మి.లీ.కి 1.25 మి.గ్రా. కలిపాక 6 గంటల్లో వాడేయాలి కాబట్టి పేషెంటుకి మత్తు ఇచ్చాకే వయల్ విప్పుతాను. అందులో అయోడైడ్ ఉంటుంది, అలర్జీ ఉందేమో ముందే అడగండి. 4 మి.లీ. తీసి స్పైనల్ నీడిల్ తగిలించి ఇస్తే, సర్జన్ గడియారంలో 3, 9 ఉండే చోట్ల పైన కొంత, లోతుగా కొంత నెమ్మదిగా ఎక్కిస్తారు. కణితిలోకి కాదు, పక్కనున్న మంచి భాగంలోకి. చుక్క కారి గ్లౌజుకి అంటిందా, ఆ చెయ్యి తగిలిన ప్రతిదీ కెమెరాలో మెరుస్తుంది. వెంటనే మార్చేయండి.

కీహోల్ కన్నా పొట్ట తెరిచి చేయడమే మేలని 2018లో ల్యాక్ ట్రయల్ ఫలితాలు వచ్చాక, సర్విక్స్ క్యాన్సర్‌కి గర్భసంచి తీసే ఈ ఆపరేషన్ చాలావరకు మళ్లీ పొట్ట తెరిచి చేయడానికే మళ్లింది. చేత్తో పట్టే కెమెరాతో చూసేటప్పుడు పై లైట్లు ఆపాలి, ఎవరు ఆపాలో ముందే అనుకోండి. కెమెరా లేనిచోట మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వాడితే, ఎక్కించే ముందు అనస్థీషియా డాక్టర్‌కి గట్టిగా చెప్పండి. రంగు వల్ల మానిటర్‌లో ఆక్సిజన్ అంకె ఉత్తినే పడిపోయినట్టు కనిపించవచ్చు.

ఇక డబ్బాలు. పేరు మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి. డబ్బా ఒంటి మీదే వైపు, గడ్డ దొరికిన రక్తనాళం పేరు, నంబరు రాయండి: ‘కుడి, ఎక్స్‌టర్నల్ ఇలియాక్, సెంటినెల్ 1’. కుడి అంటే పేషెంటు కుడి. గడ్డ చేతికి రాగానే సర్జన్ చెప్పింది తిరిగి పైకి చదవండి, ఆయన ‘ఊఁ’ అన్నాకే మూత బిగించండి. విసుక్కునే వాళ్లూ ఉంటారు, విసుక్కోనివ్వండి. ఫ్రోజెన్‌కి (ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డని గడ్డకట్టించి చేసే పరీక్షకి) వెళ్లేదాన్ని ఫార్మాలిన్‌లో వేయకూడదు. ఒక్కోసారి మెరిసింది ఉత్త కొవ్వే అని పాథాలజీ నుంచి ఫోనొస్తుంది. అప్పుడు ఆ వైపు దొరకనట్టే లెక్క. దొరకని వైపు గడ్డలన్నీ తీస్తారు, అందుకని ఆ సామాను ట్రే మీదే ఉంచండి.

ఫ్రోజెన్‌లో క్యాన్సర్ ఉందని వస్తే చాలాసార్లు గర్భసంచి తీయకుండానే మూసేసి రేడియేషన్, కీమోకి పంపుతారు. ఆపరేషనూ రేడియేషనూ రెండూ పడితే ఇబ్బందులు పెరుగుతాయి. ఈ మాట ముందురోజే పేషెంటుకీ ఇంటివాళ్లకీ డాక్టర్‌తో చెప్పించండి. లేదంటే బయట ‘కోసి ఏమీ తీయకుండా కుట్టేశారు’ అని గొడవ మొదలవుతుంది. ఫ్రోజెన్ బాగుందన్నా అక్కడితో అయిపోలేదనీ చెప్పించాలి. తర్వాత గడ్డని సన్నగా కోసి ప్రత్యేక రంగులతో చూస్తారు, 2 మి.మీ. కన్నా చిన్న మచ్చలు అప్పుడు బయటపడవచ్చు.

నీలిరంగు వాడి ఉంటే వార్డుకి అప్పగించేటప్పుడు మూత్రం ఆకుపచ్చగా రావచ్చని నోట్సులో రాయండి. రాత్రి డ్యూటీ సిస్టర్ యూరిన్ బ్యాగు చూసి డాక్టర్‌ని లేపకుండా ఉంటుంది.