దవడ కీలు, మూడో పాఠం: ‘టక్’ ఆగిపోతే తగ్గినట్టేనా?

పోయిన పాఠంలో చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరిచి మూస్తూ కీలు కదలికను గమనించమన్నాను. చాలామంది మరీ శ్రద్ధగా, రోజంతా అదే పని పెట్టుకున్నారు. టక్‌మంటోందని టెన్షన్ పడి పదే పదే తెరిచి చూసుకుంటుంటే బాగున్న దవడకైనా నొప్పి పుడుతుంది. ఇక ఆపేయండి. కొందరు దవడ మూల మీద నొక్కి, కీలు కదలడం లేదన్నారు. అక్కడున్నది నమిలే కండరం. కీలు ఉండేది చెవి రంధ్రానికి సరిగ్గా ముందు.

అసలు ఈసారి కండరాల నొప్పి మొదలుపెట్టాలి. అది వచ్చే పాఠానికి వదిలేసి, ముందు ఈ శబ్దం సంగతి తేల్చేద్దాం.

కింది దవడ ఎముక పైకొనకీ, అది కూర్చునే గుంటకీ మధ్య పలచటి డిస్క్ ఉంటుంది. నోరు కాస్త తెరిచినంతసేపు ఎముక దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే డిస్క్‌తో కలిసి ముందుకు జారుతుంది. ఆ డిస్క్ అప్పటికే తన చోటు నుంచి తప్పుకుని ఉంటే, ఎముక మళ్లీ దాని కిందికి చేరేటప్పుడు టక్‌మంటుంది. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటుంటే దానికి వైద్యం అక్కర్లేదు. ఆ శబ్దం కోసమని పళ్లు అరగదీయించుకోవద్దు, అరిగిన పన్ను తిరిగి రాదు.

నాకు చిరాకు తెప్పించే మాట ఒకటుంది: “శబ్దం ఆగిపోయిందండీ, తగ్గిపోయింది!” నిజంగా తగ్గి ఉండొచ్చు. లేదా డిస్క్ అడ్డంగా ఇరుక్కుని, ఎముక దాన్ని దాటలేకపోతూ ఉండొచ్చు. దాటితేనే కదా శబ్దం! నిన్నటిదాకా టక్‌మన్న దవడ ఈ ఉదయం గప్‌చిప్. పళ్లు తోముకోబోతే బ్రష్ వెనక పళ్లదాకా వెళ్లదు. ఆవలింత సగంలో ఆగిపోతుంది. ఎడమ కీలు ఇరుక్కుంటే, నోరు తెరిచినప్పుడు గడ్డం ఎడమకే వంకరపోతుంది. ఎందుకంటే కుడి కీలు ఒక్కటే ముందుకు జారుతోంది. అలాంటప్పుడు దవడను కుడివైపు జరపడమూ కష్టమే. బలవంతంగా తెరవొద్దు, డెంటిస్ట్‌కు చూపించండి.

కరకరమంటూ ఇసుక రాసినట్టు వినిపిస్తే అది వేరే సంగతి, కీలు అరుగుదల కావొచ్చు.

కాబట్టి చెవితో కాదు, స్కేలుతో చూడండి. తెరిచిన నోట్లో మూడు వేళ్లు పడితే చాలంటారు గానీ అందరి వేళ్లూ ఒకలా ఉండవు. నోరు పూర్తిగా తెరిస్తే పై, కింది ముందుపళ్ల అంచుల మధ్య పెద్దవాళ్లకు మామూలుగా 40 మిల్లీమీటర్లు దాటుతుంది. 35 కూడా రాకపోతే చూపించుకోవాల్సిందే.

వీటికి మాత్రం స్కేలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. తెరిచిన నోరు మూతపడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే గుండెపోటు కావొచ్చు, అంబులెన్స్ పిలవండి. 50 దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి, నమిలేకొద్దీ దవడ నొప్పి, చూపు మసక కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

అభ్యాసం: రెండు వారాలు, రోజుకు ఒక్కసారి, ఉదయమే కొలిచి రాయండి. గడ్డం ఎటు వంకరపోయిందో, చెవిలో, కణతలో, పళ్లలో నొప్పి ఉందో లేదో పక్కనే రాయండి. ఇక మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చూసుకోండి: పెదాలు కలిసినా పళ్లు విడిగా ఉన్నాయా? తగులుతుంటే ఆ గంట పక్కన గీత పెట్టండి. వచ్చే పాఠానికి ఆ గీతలే కావాలి.