ఆర్డీ 350: కొనడం, కాపాడుకోవడం, నడపడం

ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి తయారుచేసిన రాజ్‌దూత్ 350ని మన దగ్గర ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ అది ఆర్డీయే. యమహా ఆర్డీ350బికి లైసెన్సు మీద వచ్చిన భారతీయ రూపం అది. రెండు సిలిండర్లు, 347 సీసీ, టూ స్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు. సిలిండరు బోరు 64 మి.మీ., స్ట్రోకు 54 మి.మీ.; యమహా రేసు బండి టీజెడ్350 కొలతలు కూడా అచ్చంగా ఇవే. 1973లో అమెరికాలోని డేటోనా 200 మైళ్ల పోటీలో ఫిన్లాండ్ రేసరు యార్నో సారినెన్ తనకంటే పెద్ద ఇంజన్లున్న బండ్లను వెనక్కి నెట్టి గెలిచింది ఆ 350 సీసీ యమహా మీదే. అయితే మన దేశానికి వచ్చేటప్పటికి ముందు డిస్కు బ్రేకు స్థానంలో డ్రమ్ము చేరింది. వేగం రేసు బండిది, బ్రేకు మామూలు బండిది అయినప్పుడు, ఆ రెండింటి మధ్య తేడాను యజమాని తన చేతులతో పూడ్చుకోవాలి.

కొనేటప్పుడు ముందు కాగితాలు చూడండి. ఇవన్నీ పదిహేనేళ్ల గడువు ఎప్పుడో దాటిన బండ్లు కాబట్టి ఐదేళ్లకోసారి జరగాల్సిన ఆర్సీ రెన్యువల్ జరిగిందో లేదో, ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ ఆర్సీతో సరిపోతున్నాయో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మాట్లాడాలి. మొదట వచ్చిన హై టార్క్ రకం 30.5 హార్స్‌పవర్, తరువాత మైలేజీ కోసం తగ్గించిన లో టార్క్ రకం 27 హార్స్‌పవర్ ఇస్తాయి. హై టార్క్‌కు ధర ఎక్కువ. అయినా క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ఇరుసు) బాగున్న లో టార్క్, క్రాంకు పోయిన హై టార్క్ కంటే నూరుపాళ్లు మేలని నా అభిప్రాయం.

క్రాంకు సంగతి తెలుసుకోవడానికి ఇంజన్ విప్పనక్కర్లేదు. ఎడమవైపు కవరు తీసి, లోపల క్రాంకు చివర ఉండే ఆల్టర్నేటర్ రోటరును వేళ్లతో పట్టుకొని పైకీ కిందికీ కదిపి చూడండి. ఏమాత్రం ఆట కనిపించినా మెయిన్ బేరింగులు అరిగినట్టే. అలాంటి క్రాంకును ప్రెస్ మీద విడదీసి, మళ్లీ బిగించి, డయల్ గేజీతో (సన్నని తేడాలు కొలిచే సాధనం) వంకర తీయగలిగిన మేస్త్రీ దొరికితేనే ఆ బండి జోలికి వెళ్లాలి. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకుండా వస్తూ, గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గుతూ ఉంటే, క్రాంకు కుడివైపు సీలు పోయి ఆ ఆయిల్ సిలిండరులోకి వెళుతోందని అర్థం. ఎడమవైపు సీలు పోతే పొగ రాదు, బయటి గాలి లోపలికి చేరుతుంది. ఇంజన్ దానంతటదే రేజ్ అవుతూ ఉంటే అదే కారణం కావచ్చు, పిస్టన్ పట్టేయడానికి, అంటే సిలిండరులో ఇరుక్కుపోవడానికి, అంతకంటే దగ్గరి దారి లేదు.

ఆయిల్ విషయంలో మొహమాటం పనికిరాదు. కంపెనీ బిగించిన ఆటోల్యూబ్ పంపు ఇంజన్ వేగాన్ని బట్టీ, ఎక్సిలరేటర్ తిప్పినదాన్ని బట్టీ రెండు సిలిండర్లకూ ఆయిల్ అందిస్తుంది. చాలా బండ్లకు ఈ పంపు తీసేసి, పెట్రోలులోనే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలుపుతున్నారు. పంపు దొరికితే తప్పక తిరిగి పెట్టించుకోండి. పెట్టించాక పైపుల్లో గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా బ్లీడ్ చేయాలి. కార్బురేటర్ల స్లైడ్లు కదలడం మొదలైన క్షణానే పంపు చక్రమూ కదిలేలా కేబుల్ సరిచేయాలి. పంపు లేని బండికి నేను లీటరుకు 35 మి.లీ. కలుపుతాను, కొత్త పిస్టన్లు వేసిన తొలి రోజుల్లో 40 మి.లీ.

ఇలా కలిపిన బండితో ఒక చిక్కు ఉంది, అది నేను శ్రీశైలం దారిలో నేర్చుకున్నాను. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో, బ్రేకులకు శ్రమ తగ్గిద్దామని మూడో గేరులో ఎక్సిలరేటర్ పూర్తిగా మూసి బండిని దించుతున్నాను. ఇంజన్ వేగంగా తిరుగుతోంది, పెట్రోలు ఆగింది, దానితో పాటే ఆయిలూ ఆగింది. సైలెన్సరు శబ్దం ఒక్కసారి మందగించింది, సీటు కింద ఏదో వెనక్కి గుంజినట్టు అనిపించింది, వెనక చక్రం కీచుమని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. ఎడమ చేతి వేళ్లు క్లచ్ మీదే ఉండబట్టి నొక్కగలిగాను, పడలేదు. అందుకే ఈ బండి మీద రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉండాలి, దిగుడులో మధ్యమధ్య క్లచ్ పట్టి ఎక్సిలరేటర్ కొద్దిగా ఇస్తూ ఉండాలి. పట్టేసిన ఇంజన్‌ను వెంటనే కిక్ కొట్టకూడదు. పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కాస్త టూటీ ఆయిల్ పోసి, కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కి చూడాలి.

ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు రావాలో నిర్ణయించే పాయింట్లు రెండు జతలు ఉంటాయి. ఒక్కో సిలిండరుకు టైమింగు విడిగా సరిచేయాలి. గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉంచి, టైమింగు మాత్రం ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజీ పెట్టి చూసుకోవాలి, అందాజుకు వదలకూడదు. ఇప్పుడు పంపుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుతో గాలీ ఇంధనాల మిశ్రమం పలచబడుతుంది కాబట్టి ప్లగ్గు రంగు తరచూ చూడండి. కాఫీపొడి రంగు మంచిది. తెల్లగా ఉంటే ఆ రోజు వేగం మానేసి కార్బురేటరులో పెద్ద జెట్టు (పెట్రోలు వదిలే సన్నని రంధ్రమున్న ముక్క) వేయించాలి.

ముందు బ్రేకు డ్రమ్ములో రెండు షూలకూ వేర్వేరు లీవర్లు ఉంటాయి, వాటిని ఒక రాడ్డు కలుపుతుంది. రెండు షూలూ ఒకేసారి డ్రమ్మును తాకకపోతే ఉన్న బలంలో సగమే అందుతుంది. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం లేపి, రాడ్డు మీది లాక్ నట్టు వదులు చేసి, చక్రాన్ని తిప్పుతూ రాడ్డును కొంచెం కొంచెంగా సర్దుతూ రెండు షూల రాపిడి ఒకేసారి వినిపించే చోట బిగించాలి. ఓపికగా చేస్తే అరగంట పని, కానీ మొత్తం బండిలో ఇంత ఫలితమిచ్చే అరగంట మరొకటి లేదు. ఈ రకం బ్రేకు బండి వెనక్కి జారేటప్పుడు సరిగా పట్టదు కాబట్టి ఎత్తు మీద ఆగితే వెనక బ్రేకునే నమ్ముకోవాలి. వరుసగా గట్టిగా పడితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది, కనుక రోడ్డు మీద ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి.

నడిపేటప్పుడు నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాకా ఈ ఇంజన్ సాధువుగా ఉంటుంది. ఆ పైన శక్తి ఒక్కసారిగా వచ్చి పడుతుంది, మొదటి రెండు గేర్లలో ముందు చక్రం తేలిపోతుంది. ఆ పొంగు మలుపు మధ్యలో రాకూడదు. మలుపుకు ముందే గేరు ఎంచుకొని, బండి నిటారుగా లేచాకే ఎక్సిలరేటర్ ఇవ్వాలి. తడి రోడ్డు మీద ఒక గేరు ఎక్కువలో వెళ్లండి. పూర్తి వేగం చూడాలనే కోరిక ఉంటే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద శిక్షణ రోజు ఎంచుకొని, తోలు సూటూ పూర్తి హెల్మెటూ వేసుకొని తీర్చుకోండి, అవుటర్ రింగు రోడ్డు మీద కాదు.

వారానికి మించి నిలిపేటట్టయితే పెట్రోలు ట్యాప్ కట్టేసి, రెండు కార్బురేటర్ల బౌళ్లూ ఖాళీ చేయండి. మళ్లీ తీసిన రోజున సిలిండర్ల హెడ్లు చేతికి వెచ్చగా తగిలేదాకా నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటించవద్దు.